పరమాణువుకి తరుగెంతండీ?

ఎమ్మెస్సీ ఫిజిక్సు ప్యాసై రెండేళ్లుగా ఇంట్లో కూర్చున్న కుర్రాడి బరువెంతో, ఆ రోజుల్లో మా అమ్మకీ నాన్నకీ తెలిసినంత కచ్చితంగా ఇంకెవరికీ తెలిసేది కాదు. తొంభైల నడిమి మాట. ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు మీద మా ఊరు. వాల్తేరు వెళ్లి పెద్ద చదువు చదివొచ్చానని మొదటి ఆర్నెల్లూ ఊళ్లో అరుగుల మీద నాకు కాస్త జరిగి చోటిచ్చేవారు. తరవాతి ఆర్నెల్లూ "ఏరా అబ్బాయ్, ఉద్యోగం కాయితమేమన్నా వచ్చిందా?" అని పలకరించేవారు. ఏడాదిన్నర దాటాక ఆ పలకరింపు కూడా మానేసి, ఓ జాలి చూపు చూసి, గేదెల్ని తోలుకుని తమ దారిన తాము పోయేవారు. నేను మాత్రం ఏమీ తగ్గలేదు. ప్రోటాను ద్రవ్యరాశి ఆరు దశాంశ స్థానాల దాకా నోటికొచ్చు కదా, అంతకన్నా మనిషికి ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి. (ఆ దశాంశ స్థానాలే ఓ రోజు నా మెడకి చుట్టుకుంటాయని అప్పటికి తెలియదు.)

మా నాన్నకి నాలుగెకరాల వరిచేను. దాంతోపాటు ఊరిచ్చిన ఓ బిరుదు కూడా ఉంది: ముల్లుగారు. ధాన్యం మిల్లుకి వెళ్లిన రోజున, ఎవరి ధాన్యమైనా సరే, రైతులు ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. పెద్ద కాటా దగ్గర నిలబడి, త్రాసు ముల్లు మీద చూపు పెట్టారంటే ఇక రెప్ప వేసేవారు కాదు. ఆయనకి లోకంలో ఒకే ఒక శత్రువు, దాని పేరు తరుగు. బస్తా డెబ్భై ఐదు కేజీలు తూగితే, గోనె బరువు తీసెయ్యడం న్యాయమే. కానీ అది పోను, తేమ అనీ, తాలు అనీ, మట్టి బెడ్డ అనీ మిల్లువాళ్లు బస్తాకి ఇంకో రెండు కేజీలు కొట్టేసేవారు. ఆ రెండు కేజీలనే తరుగు అంటారు. మా ఊరి చివరి మిల్లుని అంతకు ముందు ఏడాదే రాజమండ్రి ఆసామి ఎవరో కొన్నారు. ఆయన ఎలా ఉంటారో మాకెవ్వరికీ తెలియదు, అన్నీ గుమస్తాయే చూసుకునేవాడు. ఆసామి మారినా తరుగు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇలా ఉండగా మా మేనమామ ఓ సాయంత్రం వచ్చి, నన్ను తన ఎరువుల కొట్లో కూర్చోబెట్టమని నాన్నని అడిగాడు. "ఫిజిక్సు చదివినోడు యూరియా అమ్మకూడదని ఎక్కడైనా రాసుందా బావా?" అన్నాడు. నాన్న "ఆషాఢం ఎళ్లేదాకా చూద్దాం. అప్పటికీ ఉజ్జోగం రాపోతే తీసుకుపో" అన్నారు, నేను పక్కనే ఉన్నానన్న సంగతి మర్చిపోయి. ఆ రాత్రి నాకు కలలో కూడా యూరియా బస్తాలే. అయితే నా అదృష్టం కొద్దీ, ఆషాఢం ఇంకా పది రోజులుందనగా రాజమండ్రిలోని ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ నుంచి కార్డు వచ్చింది. ఫిజిక్సు లెక్చరర్ కావాలి, వచ్చి డెమో క్లాసు చెప్పండి అని. పాఠం కూడా వాళ్లే ఇచ్చారు: 'పరమాణువులోని కణాల ద్రవ్యరాశులు, పరమాణు భారం కనుక్కునే విధానం.' కార్డు చదివి నేను వీధి గుమ్మంలోనే ఎగిరి గంతేశాను. నా పాఠం! నా ఆరు దశాంశాలు!

డెమో అంటే ముందు ఎవరికైనా చెప్పి చూసుకోవాలి. అమ్మ "నాకు పప్పు మాడిపోతోందిరా" అని తప్పించుకుంది. దొరికింది నాన్న ఒక్కరే. పశువుల పాక తలుపు మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, నడుమ కేంద్రకం పెట్టి మొదలుపెట్టాను. ప్రోటాను ఇంత, న్యూట్రాను దానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ, ఎలక్ట్రాను అయితే ప్రోటానులో సుమారు పద్ధెనిమిది వందల నలభయ్యో వంతు అని చెప్పాను.

"అంటే బస్తా మీద ఈగ వాలినట్టు" అన్నారు నాన్న, మంచం మీద బాసింపట్టు వేసుకుని. "దాన్నొదిలెయ్. ఇంతకీ ఇంతింత చిన్నవాటిని తూచడానికి పడికట్టు రాయి ఏంట్రా?"

నాకు ఒళ్లు పులకరించింది. వాల్తేరులో మూడు నెలలకి గానీ నాకు తట్టని ప్రశ్న అది! కార్బన్‌లో పన్నెండు అనే రకం ఉందనీ, దాని ఒక్క పరమాణువుని పన్నెండు భాగాలు చేసి అందులో ఒక భాగాన్ని పడికట్టుగా పెట్టుకున్నారనీ చెప్పాను. నాన్న తలూపారు. రాయి ఒప్పుకున్నాక ఆయనకి సగం నమ్మకం కుదిరింది.

"మరి కాటా?"

"కాటా ఉండదండి. ముందు పరమాణువులోంచి ఓ ఎలక్ట్రాను ఊడగొడతారు. అప్పుడు దానికి విద్యుదావేశం వస్తుంది. దాన్ని వేగంగా తోలి, దారిలో అయస్కాంతం పెడతారు. తేలికది ఎక్కువ పక్కకి ఒంగుతుంది, బరువుది తక్కువ ఒంగుతుంది. ఎక్కడెక్కడ పడ్డాయో చూసి బరువు లెక్కగడతారు."

నాన్న తొడ మీద ఒక్కటి చరిచి, "ఓస్, తూర్పారబట్టడమే కదరా!" అన్నారు. "చేట ఎత్తి గాలికి వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గర పడుద్ది, తాలు అల్లంత దూరం పోద్ది. దీనికి వాల్తేరు దాకా ఎందుకెళ్లావురా? మీ అమ్మ నేర్పేది కదా!"

నేను సుద్దముక్క పట్టుకుని నోరు వెళ్లబెట్టాను. ఐదేళ్లు చదివిన పుస్తకాల్లో ఒక్కడూ ఈ మాట రాయలేదు. అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాను. డెమో క్లాసుకి చేట పట్టుకెళతాను!

క్లోరిను సంగతీ అలాగే తేలిపోయింది. దాని పరమాణు భారం ముప్పై అయిదున్నర అని పుస్తకంలో ఉంటుంది కానీ ఏ ఒక్క క్లోరిను పరమాణువూ ముప్పై అయిదున్నర తూగదు. ముప్పై ఐదువి మూడుంటే, ముప్పై ఏడుది ఒకటుంటుంది. "నాలుగూ కలిపి సరాసరి తీశారు, అంతేగా" అని నాన్న చుట్ట వెలిగించారు. ఇంత సాఫీగా పోతోందన్న ఉత్సాహంలో నేను ఆగాల్సిన చోట ఆగలేదు.

"ఇంకో తమాషా ఉందండి నాన్నగారండి. రెండు ప్రోటాన్లూ రెండు న్యూట్రాన్లూ విడివిడిగా తూచి కలిపితే 4.0319. అవే నాలుగూ ఒకటిగా చేరి హీలియం కేంద్రకమైతే, అప్పుడు తూచితే 4.0015. తగ్గిపోతుందండి!"

చుట్ట నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "తగ్గడమేంటి?"

"తగ్గుతుందండి. ఒకటిగా చేరితే తగ్గుతుంది."

"తూచినవాడెవడు?"

"శాస్త్రవేత్తలండి."

"వాళ్లు ఎవరి తరఫు?"

వాళ్లు ఏ తరఫూ కాదని, ఎవరు తూచినా అంతే వస్తుందని, తగ్గిన ఆ కాస్తా శక్తిగా మారి బయటికి పోయిందని, మళ్లీ విడదియ్యాలంటే అంత శక్తీ తిరిగి పెట్టాల్సిందేనని, అందుకే అవి నాలుగూ ఒకదాన్నొకటి వదలకుండా ఉంటాయని అరగంట చెప్పాను. నాన్న ముఖంలో మాత్రం మిల్లు గుమస్తాని చూసినప్పటి అనుమానమే. చివరికి, "సర్లే, అణువుకీ తరుగుందంటావు. బస్తాకెంత పడుద్ది?" అన్నారు. (పరమాణువు అనాలి, కానీ నాన్నకి చివరిదాకా అది అణువే.) నేను పగలబడి నవ్వి, "అణువులకి బస్తాలేంటండీ!" అన్నాను. ఆయన నవ్వలేదు.

డెమో రోజున రాజమండ్రి బస్సులో నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు. ఇస్త్రీ ప్యాంటు, టక్ చేసిన చొక్కా, చంకలో చేట, చేతి సంచిలో తాలు కలిసిన ధాన్యం. కండక్టరు టిక్కెట్టు చింపుతూ "పెళ్లికాండీ?" అన్నాడు. కాలేజీలో ప్రిన్సిపాల్ గారు చేట చూసి ఏదో అడగబోయి మానేశారు. ఆయన పక్కన మల్లెపువ్వులాంటి తెల్ల పంచె కట్టి, తెల్ల లాల్చీ తొడుక్కుని ఓ పెద్దాయన కూర్చున్నారు. కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ యజమాని. ఉద్యోగం ఇవ్వాలన్నా, ఇంటికి పంపాలన్నా ఆయన మాటే. ఇద్దరికీ కిటికీ పక్కన కుర్చీలు వేశారు. ఎదురుగా బెంచీల్లో అరవై మంది పిల్లలు.

పాఠం అమోఘంగా మొదలైంది. ఆరు దశాంశాలూ బోర్డు మీద గడగడా రాసేస్తే పిల్లలు నోట్సులో దించుకోలేక చేతులు విదిలించుకున్నారు. ఇక అయస్కాంతం ఘట్టం వచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలోంచి టేబుల్ ఫ్యాను తెప్పించి బల్ల మీద పెట్టించాను. "ఇదిగో, ఇదే అయస్కాంతం అనుకోండి! ఇవి అయాన్లు!" అని చేట తల దాకా ఎత్తి, ముందు బెంచీ అమ్మాయితో "స్విచ్ వెయ్యమ్మా!" అన్నాను. ఆ అమ్మాయి నాకన్నా ఉత్సాహవంతురాలు. ఒకటో నంబరుతో సరిపోయేదానికి మూడో నంబరు తిప్పేసింది. గట్టి గింజలు నా బూట్ల మీద టపటపా పడ్డాయి. తేలికవి, సిద్ధాంతం ప్రకారం, పక్కకి ఒంగాయి. సరిగ్గా అవి పడాల్సిన చోటనే, అంటే అసలు యంత్రంలో అయితే డిటెక్టరు పెట్టాల్సిన చోటనే, కరస్పాండెంట్ గారున్నారు.

తాలు, పొట్టు, దుమ్ము కలిసి ఓ మేఘంలా లేచి ఆయన్ని కమ్మేశాయి. క్లాసంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ గారు లేచి ఫ్యాను ఆపేసరికి కరస్పాండెంట్ గారి తెల్ల లాల్చీ గోధుమ రంగుకి తిరిగింది, మీసాల మీద రెండు తాలు గింజలు ఊగుతున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతటి సందట్లోనూ నా నోరు ఊరుకోలేదు. "చూశారా! తేలికవన్నీ అటే వెళ్లాయి!" అనేసింది. ఆయన రుమాలుతో ముఖం తుడుచుకుని, "కానివ్వండి మాస్టారూ" అన్నారు. ఆ గొంతులో కోపమో నవ్వో నాకు అంతుపట్టలేదు.

ఎలాగూ మునిగాను, ఇక చలేంటి అనుకున్నాను. మేనమామ కొట్టు కళ్ల ముందు కనబడుతోంది. ఉద్యోగం పోయినా పాఠం పోకూడదని హీలియం ఎత్తుకున్నాను. విడివిడిగా ఇంత, కలిస్తే ఇంత. పిల్లల ముఖాలు చూస్తే ఒక్కళ్లకీ ఎక్కలేదు. సగం మంది కడియం వైపు నుంచి, కాలవ గట్ల మీద నుంచి వచ్చిన రైతుబిడ్డలే కదా అని, "మీ నాన్నగారు మిల్లుకి ధాన్యం తోలితే ఏమవుతుంది? ఇంట్లో తూచినప్పుడు ఒకటుంటుంది, మిల్లులో తూచాక ఇంకోటుంటుంది. మధ్యలో మిల్లువాడు తరుగు నొక్కేస్తాడు కదా! ఇదీ అంతే, ఇది పరమాణువు తరుగు!" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎక్కేసింది! అటు తిరిగి చూద్దును కదా, ప్రిన్సిపాల్ గారు పొలమారినట్టు దగ్గుతూ, కళ్లతోనే నాకు వద్దు వద్దని చెబుతున్నారు. కరస్పాండెంట్ గారు మెల్లగా లేచారు.

"మాస్టారూ, మాకు మూడు రైసు మిల్లులున్నాయండి" అన్నారు.

చేతిలో సుద్దముక్క ఎప్పుడు జారిందో తెలియదు.

"ఆ తరుగు ఎక్కడికి పోద్దన్నారు?"

"శ... శక్తిగా బయటికి పోతుందండి. అది పోబట్టే ఆ నాలుగూ విడిపోకుండా అంటిపెట్టుకుని ఉంటాయండి. తరుగే లేకపోతే కేంద్రకమే నిలబడదండి."

ఆయన ముఖం దీపావళి మతాబులా వెలిగింది. "విన్నారా ప్రిన్సిపాల్ గారూ! తరుగు లేందే ఏదీ నిలబడదంట! ఇరవై ఏళ్ల నుంచీ ఈ మాట రైతులకి ఎలా చెప్పాలో తెలీక చస్తున్నానండి. రేపట్నుంచి వచ్చెయ్యండి మాస్టారూ!" అని నా వీపు తట్టారు. తట్టినప్పుడు ఆయన చేతి మీంచి ఇంకాస్త పొట్టు రాలింది.

ఇంటికి ఎలా చేరానో నాకు గుర్తు లేదు, గాల్లో తేలినట్టుంది. అమ్మ పాయసం పెట్టింది. మేనమామకి కబురు పంపించేశారు. నాన్న మాత్రం అంతా విని, యజమాని ఇంటిపేరు అడిగి, మంచం మీద నిటారుగా కూర్చున్నారు. "ఒరేయ్, మనూరి మిల్లు కొన్నది ఆయనేరా" అన్నారు. ఆ తరవాత పాయసం ఎవరికీ రుచించలేదని చెప్పను, నేను రెండు గిన్నెలు తాగాను. ఇరవై నాలుగేళ్ల వయసులో మొదటి ఉద్యోగం వచ్చినవాడికి, చేటంత హెచ్చరిక కూడా చెవికెక్కదు.

ఐదు నెలలు హాయిగా గడిచాయి. సార్వా పంట కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. డిసెంబరులో ఓ ఆదివారం పొద్దున్న నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నన్ను లేపారు. "పద మిల్లుకి. మీ ఆసామి వచ్చి కూర్చున్నాడంట. నీ పేరు చెబుతున్నాడంట." వెళ్లేసరికి కాటా చుట్టూ ఇరవై మంది రైతులు. నడుమ కుర్చీలో మా కరస్పాండెంట్ గారు, తెల్ల లాల్చీలో. "నా మాట కాదండి, సైన్సండి! మీ ఊరి మాస్టారే చెప్పారు. సృష్టి పుట్టిన కాణ్ణుంచీ అణువుకే తరుగుంది. అణువుకి లేంది మీ ధాన్యానికి ఎందుకు లేకుండా పోద్దండీ?" అంటున్నారు. నన్ను చూడగానే, "ఇదిగో వచ్చారు! అడగండి!" అన్నారు.

రైతులందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాళ్లే అంతా. వాళ్లలో ఒకాయన, "ఏంటండీ మాస్టారూ, మీరూ మిల్లు తరఫేనాండీ?" అన్నాడు. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్నవాడు ఇప్పుడు 'అండీ' అంటున్నాడు. అవునంటే ఊరు పోతుంది, కాదంటే ఉద్యోగం పోతుంది, పైగా కాదంటే అది నిజం కూడా కాదు. పరమాణువుకి తరుగుంది మరి! నాన్న మాత్రం నన్ను చూడకుండా తిన్నగా కరస్పాండెంట్ గారి ముందుకెళ్లి నిలబడ్డారు.

"అణువుకి తరుగుంటే మాకూ ఉన్నట్టే. ఒప్పుకున్నాం" అన్నారు.

రైతులు గొల్లుమన్నారు. నాన్న చెయ్యెత్తి ఆపారు. "అయితే అణువుకెంతో మాకూ అంతే. గ్రాము ఎక్కువ తియ్యకూడదు. సరేనాండీ?"

కరస్పాండెంట్ గారికి ఆ మాట బ్రహ్మాండంగా నచ్చింది. సృష్టికి మూలమైనదాని తరుగు రెండు కేజీల్లో ఆగుతుందా, నాలుగైదన్నా ఉండకపోదు అనుకున్నారో ఏమో, "ఆయ్! అంతే! ఇందరి ముందు మాటిస్తున్నాను. గోనె బరువు పోను, అణువుకెంతో అంతే!" అని కుర్చీ చెయ్యి మీద కొట్టారు.

అప్పుడు నాన్న నా వైపు తిరిగారు. "ఆ రోజు పాకలో బస్తాకెంతరా అంటే నవ్వావు. ఇప్పుడు లెక్కగట్టు."

గుమస్తా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని మిల్లు గోడ మీదే మొదలుపెట్టాను. చెప్పొద్దూ, లోపల మహా ఉత్సాహంగా ఉంది! హీలియం తరుగు 0.030376. దాన్ని విడివిడి బరువు 4.031882తో భాగించాలి. ఇంటూ డెబ్భై ఐదు. ఇరవై మంది రైతులు, ఓ మిల్లు యజమాని, ఓ గుమస్తా ఊపిరి బిగబట్టి ఓ భాగహారాన్ని చూడడం నా సర్వీసులో మళ్లీ ఎన్నడూ జరగలేదు. సున్నా, చుక్క, ఐదు... నాన్న నా భుజం మీంచి చూస్తున్నారు. ముల్లుగారు కదా, అంకె పడీ పడగానే పట్టేశారు.

"అర కేజీ!" అని అరిచారు. "విన్నారుగా! అణువుకి తరుగు బస్తాకి అర కేజీ! రెండు కేజీలు కాదు!"

రైతులు ఈలలు వేశారు. ఒకాయన తలపాగా విప్పి గాల్లోకి ఎగరేశాడు. కరస్పాండెంట్ గారి మతాబు చప్పున ఆరిపోయింది. ఇంత మంచి చోట నేను నోరు మూసుకుని ఉండొచ్చు. లోకంలో ఎవరైనా మూసుకునేవారు. కానీ నేను అప్పటికి ఇంకా భాగహారంలోనే ఉన్నాను.

"అర కేజీ కాదండి నాన్నగారండి" అన్నాను, సుద్దముక్క ఎత్తి. "ఐదు వందల అరవై ఐదు గ్రాములండి. మీరు అరవై ఐదు గ్రాములు తగ్గించి చెప్పారు."

తలపాగా కింద పడిన చప్పుడు వినబడింది. నాన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ చెప్పలేను. ఆ చూపు అంతకు ముందు గుమస్తాలకి మాత్రమే దక్కింది. కరస్పాండెంట్ గారు మాత్రం కుర్చీలో ముందుకి వంగి నన్నే చూశారు. కాసేపటికి లేచి, "మాటంటే మాటే. రాసుకోవయ్యా, ఐదు వందల అరవై ఐదు" అని గుమస్తాతో చెప్పి, కారెక్కి వెళ్లిపోయారు. ఆ మిల్లులో ఆ సార్వా ధాన్యమంతా ఆ లెక్క మీదే తూచారు. ఊరు పండగ చేసుకుంది. నాకు మాత్రం సోమవారం తెల్లారకపోతే బాగుండుననిపించింది.

సోమవారం తెల్లారింది. కాలేజీలో అడుగు పెట్టగానే ప్యూను వచ్చి, "పెద్దాయన రమ్మంటున్నారండి" అన్నాడు. రాజీనామా కాగితం కూడా ఆయనే టైపు చేయించి ఉంచారేమో, కనీసం ఆ కష్టం తప్పింది అనుకుంటూ లోపలికి వెళ్లాను.

"కూర్చోండి" అన్నారు కరస్పాండెంట్ గారు. చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ ఉండి, "ఇంకాస్త తరుగెక్కువున్న అణువేదీ లేదాండీ?" అన్నారు, దీనంగా.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఇనుముకి ఉందండి. బస్తాకి ఏడు వందల గ్రాములు పడుతుంది. అంతకన్నా పెద్దగా ఎక్కడా పెరగదండి."

"సృష్టి ఇంత పిసినిగొట్టుదని అనుకోలేదండి" అని నిట్టూర్చారు. తరవాత ఉన్నట్టుండి నవ్వారు. "నిన్న మీరు ఆ అరవై ఐదు గ్రాములూ మీ నాన్నగారికి వదిలేసుంటే, ఇవాళ మిమ్మల్ని పంపేసేవాణ్ణండి. పిల్లకాయలకి మార్కులేసే చెయ్యి కదా. కన్నతండ్రి పక్కనున్నా ముల్లు కదల్లేదు మీది. ఎళ్లండి, క్లాసుకి టైమైంది." తలుపు దగ్గరికి వెళ్లాక వెనక నుంచి మళ్లీ పిలిచారు. "వచ్చే దాళ్వా పంటకి ఇనుము లెక్క వేద్దామంటే మీకేమన్నా అభ్యంతరమాండీ?"

ఉద్యోగం నిలబడింది కానీ ఇంట్లో పరిస్థితి వేరు. నాన్న ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా అమ్మతో చెప్పించేవారు. కూరలో ఉప్పు తక్కువైతే, "ఎన్ని గ్రాములు తగ్గిందో నీ కొడుకునడుగు, చెబుతాడు" అనేవారు. ఊళ్లో కూడా కొంతకాలం నన్ను 'అరవయ్యైదు' అని పిలిచారు. ఆ పేరు నా పెళ్లిలో కూడా వినబడింది. మా ఆవిడ దాన్ని నా ఇంటర్ మార్కులు అనుకుందట, ఆ సంగతి చాలా ఏళ్లకి చెప్పింది.

అదే కాలేజీలో ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ద్రవ్యరాశి లోపం అని పుస్తకంలో ఉన్న చోట బోర్డు మీద తరుగు అనే రాస్తాను. పిల్లలకి ఇప్పుడు తరుగంటే తెలియదు, చేటంటే కూడా తెలియదు. మిల్లుల్లో ముల్లు లేని కాటాలొచ్చాయి, ఎర్ర అంకెలు వాటంతటవే వెలుగుతాయి. కరస్పాండెంట్ గారూ లేరు, నాన్నా లేరు. నాన్న వెళ్లిపోయే ముందు ఏడాది, నేను కాలేజీ నుంచి తెచ్చిన పేపర్లు దిద్దుకుంటుంటే, ఆయన వీధి అరుగు మీద ఎవరితోనో ఈ కథ చెబుతుండగా విన్నాను. పాక తలుపు, పడికట్టు రాయి, మిల్లు గోడ, అన్నీ వచ్చాయి. అవతలాయన "అయితే అర కేజీ అన్నమాట" అన్నాడు. నాన్న గొంతు పెంచారు. "అర కేజీ ఏంటి? ఐదు వందల అరవై ఐదు గ్రాములు! మావాడు లెక్క గట్టాడు."

ఎర్ర కలం మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఎదురుగా ఉన్న పేపర్లో ఓ కుర్రాడు హీలియం తరుగుని చివర్లో ఇంచుమించుగా సవరించి రాశాడు. ఇరవై నాలుగేళ్ల నేనైతే అరమార్కు కోసేసేవాణ్ణి. యాభై దాటిన నేను పూర్తి మార్కులూ వేసేశాను. మిల్లు గోడ దగ్గరా ఇప్పుడైతే అర కేజీ అనే ఊరుకునేవాణ్ణేమో. అలా ఊరుకుని ఉంటే, ఆ రోజు అరుగు మీద నాన్న చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.